కక్కు కొట్టిన చేతులు

రాయగిరి దగ్గర బుద్ధ విగ్రహం పని మొదలైన 1985లో నాకు పన్నెండేళ్లు. హుస్సేన్‌సాగర్ నడుమ నిలబడి ఉన్న ఆ విగ్రహాన్ని చూసేవారిలో చాలామందికి అది మా భువనగిరి పక్కన, అప్పటి నల్లగొండ జిల్లాలోని ఒక గుట్టలో పుట్టిందన్న సంగతి తెలియదు. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా తలపెట్టిన ఆ పనికి ఎస్.ఎం. గణపతి స్థపతి నాయకత్వం వహించారు. ఆయన కింద సుమారు 200 మంది శిల్పులు పనిచేశారు. వారికి తోడుగా మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి రాళ్లు కొట్టేవారు కూలికి వెళ్లేవారు. ఆ కూలీల్లో మా నాయన ఒకరు. బడి లేని రోజున అమ్మ ఇచ్చిన సద్దిమూట పట్టుకొని నేను ఆ గుట్టకు వెళ్లేవాణ్ని, నాయన తినడం అయ్యేదాకా ఒక బండ మీద కూర్చొని ఆ పనిని చూసేవాణ్ని. నేను శిల్పిని ఎట్లా అయ్యానని అడిగినవారికి చాలా కాలం ఆ గుట్ట గురించే చెప్పేవాణ్ని. అది సగం నిజమని ఇప్పుడు అనిపిస్తున్నది. తక్కిన సగం చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది రాళ్లు కొట్టే వడ్డెర కుటుంబం. మా తాత బావులు తవ్వారు, నాయన రోళ్లు, రుబ్బురోళ్లు, ఇసుర్రాళ్లు చేశారు. పంటలు ఇంటికి వచ్చే రోజుల్లో ఆయన భుజాన సంచి వేసుకొని ఊరూరూ తిరిగి, అరిగిపోయిన ఇసుర్రాళ్లకు కక్కు కొట్టేవారు. వాడగా వాడగా నున్నబడిన రాయి గింజను పట్టుకోదు. దాని ముఖం మీద మళ్లీ సన్నని గంట్లు వరుసగా పడాలి. ఆ గంట్లు లోతు ఎక్కువైతే పిండిలో రాతి పలుకులు వస్తాయి, తక్కువైతే నెల తిరక్కుండానే ఇల్లాలు మళ్లీ కబురు పంపుతుంది. నాయన ఒక రాయికి కక్కు కొట్టడానికి అరపూట పట్టేది, అందుకు రెండు శేర్ల జొన్నలో, కొన్ని రూపాయలో ఇచ్చేవారు. ఆయనను ఎవరూ శిల్పి అనలేదు. ఆయన కూడా ఆ మాట తనకు చెందుతుందని ఎన్నడూ అనుకోలేదు.

రాయగిరి గుట్ట మీద ఆయనకు అప్పగించిన పని విగ్రహం చుట్టూ ఉన్న అక్కరలేని రాయిని తొలగించడం. ముందు రాయి మీద వరుసగా గుంటలు తొలుస్తారు, వాటిలో ఇనుప చీలలు నిలుపుతారు, సమ్మెటతో ఒకదాని తరువాత ఒకదాని మీద సమానమైన దెబ్బ వేసుకుంటూ పోతారు. ఒకచోట బలంగా, ఒకచోట మెల్లగా కొడితే చీలిక దారి తప్పి, ఉండవలసిన రాయిలోకి పోతుంది. ఆ విగ్రహం ఏకశిల, సుమారు 58 అడుగుల ఎత్తు, 300 టన్నులకు పైగా బరువు. అటువంటి రాయిలో ఒక్క చీలిక దారి తప్పితే ఎవరూ అతుకు వేయలేరు. ముఖం, చేతులు, వస్త్రపు మడతలు శిల్పుల వంతు. నాయనను ముఖం దగ్గరికి పోనివ్వలేదు. ఆయన దానికి నొచ్చుకున్నట్టు నేను చూడలేదు గాని, నేను మాత్రం నొచ్చుకున్నాను. సన్నని ఉలులతో పెదవి అంచున పనిచేసే శిల్పులను చూసి, పెద్దయితే అక్కడ నిలబడాలనుకున్నాను, నాయన నిలబడిన చోట కాదు.

విగ్రహం పూర్తయి, 192 చక్రాల బండి మీద పడుకోబెట్టి హైదరాబాదుకు తీసుకుపోయిన రోజున మా ఊరంతా రోడ్డు మీదికి వచ్చింది. తరువాత 1990 మార్చి 10న పడవ మీద నీళ్లలోకి తీసుకుపోతుండగా అది ఒరిగి సాగరంలో పడిపోయిందని, దానితోపాటు పనివాళ్లు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారని తెలిసిన రాత్రి నాయన అన్నం ముట్టలేదు. ఊళ్లో అందరూ విగ్రహం గురించి మాట్లాడుతుంటే ఆయన ఒక్కరే, "పోయినోళ్ల పిల్లలు ఏం తిని బతుకుతరు" అన్నారు. రెండేళ్లకు పైగా నీటి అడుగున ఉన్న విగ్రహాన్ని బయటికి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. అప్పటికి నేను తిరుపతిలో ఉన్నాను.

తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం 1960 నుంచి సంప్రదాయ శిల్ప కళాశాలను నడుపుతున్నది. పదో తరగతి తరువాత, మా బడి పంతులు ఒకరు దరఖాస్తు నింపి పంపితే నాకు శిలా విభాగంలో చోటు దొరికింది. అక్కడ నాతో చదివిన వారిలో చాలామంది ఇళ్లలో శాస్త్రం తరతరాలుగా ఉన్నది. దేవతల రూపాన్ని చెప్పే ధ్యాన శ్లోకాలు వారికి చిన్ననాటి నుంచి నోటికి వచ్చు. విగ్రహాల కొలతల లెక్క అయిన తాళమానం నాకు కొత్త, సంస్కృతం కొత్త. ముఖం పొడవును ఒక తాళంగా, తాళాన్ని పన్నెండు అంగుళాలుగా తీసుకొని, ఉత్తమ దశతాళంలో విష్ణువును 124 అంగుళాలకు, మధ్యమ దశతాళంలో దేవిని 120 అంగుళాలకు గీయాలన్న లెక్కను నేను రాత్రిళ్లు గోడ మీద బొగ్గుతో గీసి గీసి నేర్చుకున్నాను. అంగుళం అంటే ఇక్కడ స్కేలు మీది అంగుళం కాదు, ఆ విగ్రహానికే చెందిన కొలత. అందుకే జానెడు విగ్రహంలోనూ, పది అడుగుల విగ్రహంలోనూ అంగాల పొందిక ఒక్కటిగానే ఉంటుంది.

రెండో ఏట శిలా పరీక్ష చెప్పారు. ఉలితో తట్టినప్పుడు గంటలా ఖంగుమని మోగేది పురుష శిల, కంచు తాళంలా మెత్తగా పలికేది స్త్రీ శిల, పలకనిది నపుంసక శిల. మొదటిది దేవునికి, రెండవది దేవికి, మూడవది పీఠానికి. పాఠం చెప్పిన గురువు మమ్మల్ని రాళ్ల కుప్ప దగ్గరికి తీసుకుపోయి ఒక్కొక్కరినీ తట్టి చెప్పమన్నారు. నేను ఏడు రాళ్లనూ సరిగ్గా చెప్పాను. మూడో రాయి లోపల, నడుమకు దగ్గరగా పగులు ఉందని కూడా చెప్పాను. ఎక్కడ నేర్చుకున్నావని ఆయన అడిగితే నాకు వెంటనే జవాబు తోచలేదు. రోలుకు రాయిని ఎంచుకొనేటప్పుడు నాయన గుండ్రాయితో మూడు చోట్ల తట్టి, చెవి దగ్గర పెట్టి వినేవారు. పక్కన కూర్చొని నేనూ విన్నాను. అది పాఠమని మా ఇద్దరికీ తెలియదు.

చదువు ముగిసే ముందు ఆ గురువే నాతో, మీ ప్రాంతంలో ఉన్నవాటిని నువ్వు ముందు చూడు, తరువాత ఇతర దేశాల శిల్పాల పుస్తకాలు చూడవచ్చు అన్నారు. ఆ మాట పట్టుకొని ఒక వేసవి అంతా తిరిగాను. ఆలంపురంలో బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాల ఎదుట నిలబడినప్పుడు నాకు మొదట కనిపించింది రాయి. అది ఎర్ర ఇసుకరాయి. ఉలి మొన ఎటు తిప్పితే అటు లొంగుతుంది, అందుకే స్వర్గబ్రహ్మ ఆలయపు గోడ మీది దిక్పాలకుల నడుముల్లో, ఎగిరే గంధర్వుల కాళ్లలో అంత మెత్తదనం ఉంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి శిల్పాలు, ఫణిగిరి గుట్ట మీద దొరికిన తోరణపు కమ్ములు మూడు, నాలుగు శతాబ్దాల సున్నపురాయి పని; ఆ రాయిలో బొటనవేలంత జాగాలో ఒక మనిషిని, అతని తలపాగాతో సహా నిలపవచ్చు. మా భువనగిరి, నల్లగొండ గుట్టలది మరొక స్వభావం. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి ఈ నల్సరాయిలో, అంటే గ్రానైట్‌లో, రకరకాల గట్టిదనం గల పలుకులు కలగలిసి ఉంటాయి. ఉలి దీన్ని కోయదు, మొన తగిలిన చోట పలుకును చితక్కొట్టి పొడి చేస్తుంది. చెక్కడం అని మనం అనుకొనేది నిజానికి లక్షల దెబ్బలతో పొడి చేసుకుంటూ పోవడం. అందుకే మా రాయిలో చెక్కిన బొమ్మ నగల కంటే నిలకడను ఎక్కువగా చూపుతుంది.

ఈ తేడా తెలిసిన తరువాత పిల్లలమర్రిలో రేచెర్ల రెడ్లు కట్టించిన ఆలయాలు నాకు వేరే రకంగా కనిపించాయి. ఆ శిల్పులు గోడలకు ఈ గట్టి రాయినే వాడి, స్తంభాలకు, ద్వారబంధాలకు మాత్రం నున్నని నల్లరాయిని ఎంచుకున్నారు. ఎక్కడ బలం కావాలో, ఎక్కడ మెరుపు కావాలో వారికి స్పష్టంగా తెలుసు. ఎరకసాని కట్టించిన ఎరకేశ్వరాలయపు శాసనం 1208 నాటిది. శాసనాలలో దానం చేసినవారి పేర్లు, ఇచ్చిన భూముల హద్దులు, చెరువుల పేర్లు చదువుకోవచ్చు. ఆ స్తంభాలకు అద్దం వంటి మెరుగు తెచ్చినవాడి పేరు కోసం నేను చాలాసేపు వెతికాను. పాలంపేట గుడిని శిల్పి పేరుతో రామప్ప గుడి అని జనం పిలుచుకోవడం ఎంత అరుదైన సంగతో నాకు పిల్లలమర్రిలో అర్థమైంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుడులు ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి, వాటిలో ఒకదానిలో స్తంభపు నీడ పొద్దంతా కదలకుండా నిలుస్తుంది. చూడడానికి వచ్చినవారు ఏ స్తంభపు నీడ అని వెతుకుతుంటారు. రెండు పక్కల నుంచి స్తంభాల మధ్యగా లోపలికి వచ్చే వెలుతురును లెక్కగట్టి వదిలిన చీకటి అది. వెలుతురును ఉలిలా వాడిన మనుషులు మా జిల్లాలో ఉండేవారన్న గర్వంతో నేను నల్లగొండలోనే, పానగల్లుకు పోయే దారిలో రేకుల షెడ్డు వేసుకున్నాను.

బతుకుదెరువు మాత్రం గుడుల వల్ల రాలేదు. నాకు వచ్చిన మొదటి పని ఒక పోతరాజు విగ్రహం, దానికి 1,800 రూపాయలు ఇచ్చారు. తరువాత బొడ్రాయిలు వచ్చాయి. బొడ్రాయి ఊరికి బొడ్డు. దానిని మళ్లీ నిలిపే పండుగ నాడు ఆడబిడ్డలంతా పుట్టింటికి వస్తారు, పొలిమేర కట్టేసి ఊరివారిని బయటికి, బయటివారిని లోపలికి పోనివ్వరు. ఇంత పట్టింపు ఉన్న రాయి చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. మొదట్లో నేను దానిని తక్కువ పనిగా తలచి తొందరగా ముగించేవాణ్ని. ఒక ఊరి పెద్దాయన నేను చేసిన బొడ్రాయి చుట్టూ అరచేయి తిప్పి, ఒకవైపు వెంట్రుకవాసి ఒరుగు ఉందని చెప్పారు. కంటికి కనిపించని ఒరుగు ఆయన చేతికి తగిలింది. ఆ రాయిని పక్కన పెట్టి, మరొకటి మొదటి నుంచి చేసి ఇచ్చాను.

రెండువేల సంవత్సరం తరువాత విగ్రహాల కాలం వచ్చింది. అంబేద్కర్, గాంధీ, చాకలి ఐలమ్మ, సాయుధ పోరాటంలో పోయినవారు, తెలంగాణ కోసం పోయిన పిల్లలు, పొలం గట్టున నిలపడానికి కన్నవారు; ఇవన్నీ ముందు మట్టితో మలిచి, సిమెంటులోనో ఫైబర్‌లోనో, డబ్బున్నచోట కంచులోనో తీయాలి. ఇనుప చువ్వల చట్రం మీద బంకమట్టి ఎక్కించి రూపం తెచ్చి, దానిపై ప్లాస్టర్ అచ్చు తీస్తాం. గుడి విగ్రహానికి శ్లోకం ఉంది, కొలత ఉంది. చనిపోయిన మనిషికి ఉండేది ఒక పాస్‌పోర్టు ఫొటో. నాకు ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద చదువు చెప్పింది ఒక తల్లి. ఉద్యమంలో కొడుకును పోగొట్టుకున్న ఆమె మట్టి బొమ్మ తయారవుతున్నంత కాలం రోజూ బస్సు ఎక్కి షెడ్డుకు వచ్చింది. నేను ముఖాన్ని కొంత తీర్చిదిద్ది, పన్ను మీద పన్ను ఎక్కిన చోటు సరిచేసి, పెదవి మూశాను. విగ్రహం అందంగా ఉండాలన్నది నా చదువు. ఆమె నాలుగో రోజున, "నా కొడుకు నోరు మూసుకొని ఎన్నడు లేడు సారూ" అన్నది. నేను పెదవి తెరిచాను, ఎత్తు పన్ను పెట్టాను, ఎడమ చెవి కొంచెం ముందుకు వంచాను. ఆమె తన చీర కొంగు తడిపి మట్టి చెంప మీద అంటుకున్న పొడిని తుడిచింది. అచ్చు తీయడానికి రెండు రోజులు ఆగాను, ఎందుకంటే అచ్చు తీస్తే మట్టి బొమ్మ పగిలిపోతుంది, ఆ మాట ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఈ కాలంలోనే నాయన జబ్బుపడ్డారు. మిక్సీలు, గ్రైండర్లు వచ్చి రోళ్లు అడిగేవారు తగ్గాక ఆయన కంకర మిషను దగ్గర పనికి చేరారు. దగ్గు మొదలైన మూడేళ్లూ ఒక ఆసుపత్రిలో క్షయ అని చెప్పి మందులు ఇచ్చారు, కోర్సు అయిపోతే మళ్లీ ఇచ్చారు. ఏం పనిచేశావని మాత్రం అడగలేదు. చివరకు ఊపిరితిత్తుల్లో చేరింది రాతి పొడి అని, దాన్ని సిలికోసిస్ అంటారని, పోయిన ఊపిరితిత్తిని తిరిగి తెచ్చే మందు లేదని మరొకచోట చెప్పారు. చేతి ఉలి దెబ్బకు రాలేది ఎక్కువగా ముతక పలుకు, పొడి. యంత్రం రాయిని నలిపినప్పుడు, గ్రైండరు బిళ్లతో పొడిగా కోసినప్పుడు లేచేది కంటికి కనిపించనంత సన్నని ధూళి, అదే లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది. నా షెడ్డులో కూడా అప్పటికి నాలుగు గ్రైండర్లు ఉన్నాయి. ముక్కుకు రుమాలు చుట్టుకొని పనిచేస్తే చాలని నమ్మేవాణ్ని. నాయన పోయిన నెలలోనే ప్రతి గ్రైండరు దగ్గర నీటి గొట్టం పెట్టించాను, పొడి కోత మానిపించాను, సరైన మాస్కులు తెప్పించాను. కొడుకుకు తెలిసేసరికి ఆలస్యమైంది. ఈ పని చేసే పిల్లలు ఇది చదివితే, నీళ్లు లేకుండా రాయిని కోయవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఆయన ఇంకా నడవగలిగిన రోజుల్లో ఒకసారి హైదరాబాదు తీసుకుపోయి, పడవ ఎక్కించి బుద్ధుని దగ్గరికి తీసుకుపోయాను. అందరూ ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నాయన మెల్లగా నడుస్తూ వెనక్కి పోయారు. నేను వెళ్లేసరికి ఆయన మెడ పైకెత్తి వీపును చూస్తున్నారు. "ఈడికెల్లి గాడిదాక రాయి తీసింది మేమే. ఒక్క చీల గూడ తప్పలే," అన్నారు. నేను ఆ గుట్ట మీద ఎన్నోసార్లు కూర్చొని కూడా ఆ వీపును ఎన్నడూ చూడలేదు.

యాదగిరిగుట్ట పునర్నిర్మాణం 2016లో మొదలైనప్పుడు నేను కూడా వెళ్లాను. రాయగిరి అక్కడికి కూతవేటు దూరమే. గుడి మొత్తం కృష్ణశిల అనే నల్లరాతితో, సిమెంటు లేకుండా సున్నంతో కట్టాలని నిర్ణయించారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన శిల్పులతో గుట్ట కింద రాత్రి పగలు ఉలి చప్పుడే. నా వంతుకు వచ్చినవి స్తంభపు పలకలు, పద్మాలు, కొన్ని ఏనుగులు. స్తంభాన్ని వరుసలో నిలిపిన తరువాత ఏ పద్మం ఎవరిదో చెక్కినవాడికి కూడా చెప్పడం కష్టం, చెప్పలేకపోవడమే పని సరిగ్గా కుదిరిందనడానికి గుర్తు. 2022 మార్చి 28న గుడి తెరిచారు. నేను జనంతోపాటు వరుసలో నిలబడి దర్శనం చేసుకున్నాను. గుడి విగ్రహాల విషయంలో ఇది మా అందరికీ అలవాటే. బంగారు సూదితో కళ్లు తెరిచేదాకా ఆ విగ్రహం శిల్పి చేతిలో ఉంటుంది; నయనోన్మీలనం చేసి, ప్రతిష్ఠ జరిగిన తరువాత అతడు దాన్ని తాకడు. గడప ఇవతల నిలబడి దండం పెడతాడు. చిన్నప్పుడు నాయనను ముఖం దగ్గరికి పోనివ్వలేదని బాధపడిన నాకు, ముఖం చెక్కినవాణ్నీ చివరకు గడప ఇవతలికే పంపుతారని తెలియడానికి ఇంత కాలం పట్టింది.

పోయిన ఎండాకాలం పని తక్కువగా ఉన్నప్పుడు నాకు ఒక రోలు చేయాలనిపించింది. యంత్రం ముట్టకుండా, నాయన చేసినట్టు, కొలిమిలో నేను పదును పెట్టుకున్న ఉలులతోనే. రాయిని ఎంచుకోవడానికే మూడు రోజులు పట్టింది. బయటి గుండ్రం సులువుగా వచ్చింది. లోపలి గుంట దగ్గర చిక్కు మొదలైంది. పైన వెడల్పుగా మొదలై, కిందికి పోను పోను సన్నబడి, అడుగున మళ్లీ రోకటి పొన్నుకు చోటు ఇచ్చేలా కొంచెం విప్పారాలి. ఆ వంపులోనే గింజ తనంతట తాను మళ్లీ నడుమకు జారుతుంది. దానికి ఏ శ్లోకంలోనూ కొలత లేదు. పదకొండు రోజులు పట్టింది. నాయనకు రెండు రోజుల పని అది.

అమ్మ ఎండు మిరపకాయలు పోసి నాలుగు పోట్లు వేసింది. కాయలు అంచు దాటి కింద పడ్డాయి. ఆమె వాటిని ఏరి మళ్లీ వేసి, గుంట లోపల చేయి పెట్టి ఒక పక్కన ఆగింది. "ఈడ ఎక్కువ తీసినవు బిడ్డా," అని, ఆ చోటును వేలితో తిప్పి చూపించింది. తరువాత వేపచెట్టు కింద ఉన్న నాయన రోలు దగ్గరికి నన్ను తీసుకుపోయి, అందులో నా చేయి పెట్టించింది. ఆ వంపును కొలవడానికి నేను తడి మట్టితో అచ్చు తీసుకున్నాను. రెండో రాయి షెడ్డు ముందు ఉంది, కావి రంగు నూలుతో గీత కొట్టి పెట్టాను.